పుల్లన్న కొన్న చప్పుడు లేని కారు

పుల్లన్న వరసకు నాకు మామ. వాళ్లింటికీ మా ఇంటికీ మధ్య ఒక్కటే గోడ. వజ్రకరూరు అవతల మా ఊళ్లో ఆయన గురించి గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ ఉండేది కాదు. ఎర్రనేల, వాన తప్పిన చెనిక్కాయ పంట, నీళ్లు పడని బోర్లు, అందరికీ ఉన్నవే ఆయనకూ ఉన్నాయి. ఒకరి జోలికి పోడు, ఒకరి మాట వినడు. ఆయనకంటూ ప్రత్యేకంగా ఉన్నది ఒక పాత డీజిల్ జీపు. పొగగొట్టం పగిలిపోయి, అది ఊరి బయట వంక, అంటే వాగు, దాటుతుంటే ఊరంతా వినపడేది.

ఆ చప్పుడు మాకందరికీ తలనొప్పి. ఆయన భార్య తిమ్మక్కకు మాత్రం అదే మొగుడు. షుగరు వల్ల ఆమెకు చూపు పోయి చాలా కాలమైంది. వంకలో జీపు మోగగానే లేచి, గోడ తడుముకుంటూ పొయ్యి దగ్గరికి పోయి, సంగటి కెలికి ముద్ద చేసేది. ఆయన కాళ్లు కడుక్కుని వచ్చేసరికి పళ్లెంలో ముద్ద పొగలు కక్కుతుండేది. వచ్చినావా అని ఆమె అడగదు, వచ్చినా అని ఆయన చెప్పడు. ఇంత ముచ్చటైన కాపురం నేను ఇంకెక్కడా చూడలేదు, నా కాపురంతో సహా.

ఇంతలో ఒక సోలారు కంపెనీ వచ్చి ఆయన చేనును కౌలుకు తీసుకుంది. పంట పండని చోట పలకలు పరుచుకున్నాయి. ఏటా కౌలు డబ్బు ఠంచనుగా వచ్చి పడడం మొదలైంది. డబ్బు వచ్చాక మనిషి ఊరికే కూర్చుంటాడా?

అనంతపురంలో ఒక పెళ్లికి పోతే, కల్యాణ మంటపం వాచ్‌మన్ ఆ జీపును వెనకాల, వంటసామాన్ల లారీ పక్కన పెట్టించాడు. అదే సమయానికి తిమ్మక్క తమ్ముడు లక్ష్మీపతి ఎలక్ట్రిక్ కారులో దిగాడు. జనం పెళ్లికొడుకును వదిలేసి దాని చుట్టూ చేరారు.

“ఏం బావా, ఇంకా ఆ డబ్బానే తోల్తాండావా?” అన్నాడు లక్ష్మీపతి. “దీనికి డీజిలు లేదు, శబ్దం లేదు. పోతాంటే దేవుడు పోయినట్ల ఉంటాది.”

దేవుడో దయ్యమో, ఆ మాట మామకు బాగా నాటుకుంది.

షోరూములో ఆయన ముందు పెద్ద తెల్ల డీజిల్ బండి వైపే చూశాడట. కానీ మా వైపు అలాంటిది కొంటే, ఎలక్షన్లో నిలబడతాండావా అని అడుగుతారు. చిన్నది కొంటే పిసినారి అంటారు. చప్పుడు లేనిదైతే ఎవరూ ఏమీ అనలేరు, డబ్బున్నవాడని మాత్రం తెలుస్తుంది. అందుకని దాన్నే కొన్నాడు. “మన చేన్లో పుట్టిన కరెంటుతోనే మన బండి పోతాదప్పా” అని నాతో ఎన్నిసార్లు అన్నాడో! ఆ కరెంటు ఎక్కడికి పోతుందో ఆయనకూ తెలీదు, నాకూ తెలీదు. వినడానికి బాగుందని తలూపాను.

కసాపురం ఆంజనేయస్వామి గుడి దగ్గర పూజ చేయించాం. పూజారి హారతి ఇచ్చి “స్టార్ట్ చెయ్యప్పా” అనేసరికి అది అప్పటికే కదులుతోంది. చక్రాల కింద నిమ్మకాయలు చిట్లిన చప్పుడొక్కటే వినపడింది.

జీపును గుంతకల్లులో తుక్కు కొనేవాళ్లకు ఇచ్చేశాడు. మా వైపు ఎద్దును అమ్మితే దాన్ని కట్టేసే పలుపు మాత్రం కొన్నవాడికి ఇవ్వరు. పలుపు ఇంట్లో ఉంటే ఇంటి లక్ష్మి కదలదని నమ్మకం.

“బండి ఇస్తే ఇస్తివి, పలుపు తెచ్చుకుంటివా?” అని అడిగింది తిమ్మక్క.

మామ నవ్వాడు. నవ్వి, మళ్లీ గుంతకల్లు పోయి, జీపు తాళంచెవి అడిగి తెచ్చి, ఎద్దుల పలుపులు వేలాడే మేకుకే తగిలించాడు. జీపుకు కూడా పలుపు దాచుకోవడం మా వాళ్లకే చెల్లింది.

ఆ తరువాతే మామకు కష్టం మొదలైంది. కారు గుమ్మం ముందు ఆగినా తిమ్మక్కకు తెలిసేది కాదు. పక్కన నిలబడి పలకరిస్తే ఉలిక్కిపడి అరిచేది. వంకలో హారన్ కొట్టి చూశాడు. “ఎవురో బస్సోళ్లనుకుంటి” అంది. కారును చూసి ఊరంతా లేస్తోంది, లేవాల్సిన మనిషి లేవడం లేదు. మామకు అదొక్కటే బెంగ.

ఒక మధ్యాహ్నం ఆయన ఇంట్లోకి పోయేసరికి పళ్లెం కడిగి బోర్లించి ఉంది.

“సంగటి పెట్టవేమే?”

“ఇప్పుడే గదా తింటివి! జీపు శబ్దం ఇని లేస్తి, ముద్ద పెడ్తి. ఊరుబిండి పచ్చడి ఇంకొంచెం ఎయ్యమంటివి.”

మామ ఈ సంగతి నాకు చెప్పి నవ్వబోయాడు, నవ్వు రాలేదు. వయసు మీద పడింది, ఏదో కలవరిస్తోందిలే అని సర్దిచెప్పాను.

కొన్నాళ్లకు నేనే విన్నాను. మిట్టమధ్యాహ్నం, వీధిలో మనిషి లేడు. మామ మా అరుగు మీదే ఉన్నాడు, కారు మా కళ్లముందే ఉంది. వంకలో పగిలిన పొగగొట్టం మోగింది. మోత దగ్గరికొచ్చింది. వీధి కుక్క తోక ఊపుకుంటూ ఎదురుపోయి, ఖాళీ దారిలో దేని పక్కనో పరిగెత్తుతూ తిరిగొచ్చి, మామ గుమ్మం దగ్గర నిలబడింది. మోత కూడా అక్కడే ఆగింది. లోపల పొయ్యి దగ్గర గిన్నె కదిలింది. మొగుడు ఇంటికొస్తే ఎన్నడూ పలకరించి ఎరగని తిమ్మక్క, “శానా అలిసిపోయినట్లుండావే” అంటోంది.

మామ గుంతకల్లుకు ఫోన్ చేశాడు.

“దాన్ని ఎప్పుడో కోసేసినామన్నా. ముక్కలు గూడా పోయినాయి” అన్నాడు అవతలివాడు.

“పలుపు పెట్టుకున్నందుకే వస్తాండాది” అని మామ లేచాడు. మేకుకున్న తాళంచెవి తీసుకుని, ఊరి బయట ఎండిపోయిన బోరు మీద బండ జరిపి, అందులో పడేశాడు. నేనూ వెంట పోయాను. అడుగున పడ్డ చప్పుడు వినపడుతుందేమోనని ఇద్దరం వంగి విన్నాం. ఏమీ వినపడలేదు.

ఆ రోజు జీపు మళ్లీ మోగలేదు. పీడ వదిలిందని నేను సంబరపడ్డాను. మామ ముఖం కూడా తేటపడింది. ఇక తిమ్మక్క తనకే వడ్డిస్తుందని ఆయన ఆశ.

మర్నాడు భోజనాల వేళ ఆయన వెంట నేనూ లోపలికి పోయాను. పొయ్యి వెలిగించి లేదు. తిమ్మక్క వాకిలి వైపు చెవి పెట్టి కూర్చుని ఉంది.

“నేను వచ్చినానే, ముద్ద పెట్టు” అన్నాడు మామ.

“ఎవురప్పా?”

“నేనే, పుల్లన్నను.”

ఆమె నవ్వింది. “గొంతు అచ్చం మా ఆయప్ప గొంతు మాదిరే ఉండాది. ఆయప్ప ఇంకా రాలేదప్పా, జీపు శబ్దం కాలేదు గదా. కూర్చో, ఆయప్పతో పాటు నీకూ ఇంత పెడ్తా.”

మామ ఆమె చెయ్యి పట్టుకోబోయాడు. పరాయి మగాడు ముట్టుకున్నట్టు ఆమె చెయ్యి లాక్కుని, కొంగు నిండుగా కప్పుకుంది.

నేను ఏదో చెప్పబోతే, వద్దని ఆయన తల అడ్డంగా ఊపాడు. నాకు ఏడుపొచ్చింది. ఆయన గోడకు ఆనుకుని ఆమెకు ఎదురుగా కింద కూర్చున్నాడు. కాసేపటికి ఆయన కూడా వంక వైపు చెవి పెట్టి ఎదురుచూడడం మొదలుపెట్టాడు.