వెంట్రుకల కింద చర్మం

నేను నాలుగేళ్ళుగా నానుస్తున్న పనిని మా తోడల్లుడు ఒక్క నెలలో తేల్చేశాడు.

ఫార్మింగ్టన్ హిల్స్‌లో మాది అపార్ట్‌మెంట్. కారు విడిభాగాల గోడౌన్‌లో సరుకు లెక్క చూస్తాను. ఆయన గుండె డాక్టరు. ఊరి బయట ఐదెకరాలు కొన్నాడు. అందులో పాత కొట్టం ఉంది కాబట్టి గుర్రం ఉండాలన్నాడు, అదీ జిప్సీ కాబే అన్నాడు. ఆ పేరు ఆయన మొదట విన్నది నా నోటే. నాకు కడుపు మండింది.

రోమానీ జనం బళ్ళకు కట్టడానికి పెంచుకున్న పొట్టి, బలమైన గుర్రం అది. కాళ్ళ మీద జుట్టు కుచ్చులుగా గిట్టలదాకా జారుతుంది. దాని ఛాతీ చుట్టుకొలతను అంగుళాల్లో కొలిచి, దానితోనే హెచ్చవేసి, ఒంటి పొడవుతో మళ్ళీ హెచ్చవేసి, 330తో భాగిస్తే బరువు పౌన్లలో వస్తుంది. ఈ జాతి కొంచెం మేతకే ఒళ్ళు చేస్తుంది. ఒళ్ళు మితిమీరితే గిట్టలు పాడవుతాయి. ఇవన్నీ నేను సొంతంగా నేర్చుకున్నాను. ఒక ఫారంలో ఉన్న గోధుమరంగు మగ గుర్రాన్ని నెలకోసారి వెళ్ళి కొలిచి వచ్చేవాణ్ణి. 74, 64. అంటే 1,062 పౌన్లు. వచ్చే వేసవిలో దాన్ని కొని, అద్దె కొట్టంలో పెట్టుకోవాలనుకున్నాను. ఇంట్లో కూడా చెప్పలేదు.

"తమ్ముడూ, లెక్కల మనిషివి, నువ్వూ రా" అని ఆయన నన్ను తీసుకెళ్ళింది ఆ ఫారానికే.

ఆయన కళ్ళు నలుపూ తెలుపూ కలిసిన ఆడ గుర్రం మీద పడ్డాయి. జుట్టు నేలను ఊడుస్తోంది. వెంటనే కర్నూల్లో ఉన్న బాబాయికి వీడియో కాల్ చేశాడు.

"ఫోన్ పైకెత్తరా, ముక్కు రంధ్రాలు చూపిస్తావేం. సుడి ఎక్కడుంది?"

"నుదుటి నడుమ బాబాయ్. ఒకటే."

"మంచిది. ఆ పక్కదానికి?"

"రెండున్నాయి, ఒకదాని కింద ఒకటి."

"దాన్ని గడప తొక్కనివ్వకు."

పక్కది నా గోధుమరంగుదే. ఆ మాట నాకు తేనెలా ఉంది.

వాళ్ళు సుడులు చూస్తుంటే నేను కూర్చుని ఆడ గుర్రం వెనక కాలి జుట్టు ఎత్తాను. కింద చర్మం మందంగా, మడతలు పడి, పక్కులు కట్టి ఉంది. పురుగు వల్ల వచ్చే దురదైతే మందుకు తగ్గుతుంది. ఇలా వాచి గట్టిపడ్డ మడతలు తగ్గవు, వయసుతో పెరుగుతాయి. దాని వయసు ఆరేళ్ళే.

"కాళ్ళెలా ఉన్నాయోయ్?" అన్నాడు తోడల్లుడు.

ఆయన దీన్ని కొంటే గోధుమరంగుది నాకు మిగులుతుంది.

"జుట్టు బాగుంది" అన్నాను. అబద్ధం కాదు.

ఆయన బయానా ఇవ్వడానికి అమ్మే ముసలావిడ వైపు నడిచాడు. ఆ గుర్రం కాలు నేలకేసి కొట్టి, మెడ వంచి తన మడమనే కొరుక్కుంది. మళ్ళీ కొరుక్కుంది.

"అన్నయ్యా, ఇక్కడ వేలు పెట్టి చూడు."

డాక్టరు కదా, ఒక్కసారి తడిమితే చాలింది. "ఎప్పుడు చూశావు?"

"ఇప్పుడే." ఇది అబద్ధం.

"మరి నువ్వైతే ఏది కొంటావు?"

గోధుమరంగుదాన్ని చూపించాను. చూపించకుండా ఉండాల్సింది.

"బాబాయి సుడులు?"

"బాబాయి గుర్రం ఎక్కడు కదా."

తోక వెంట్రుకలు కుదుళ్ళతో పీకి కండరాల జబ్బు పరీక్షకు పంపమన్నాను, పశువైద్యుడితో నాలుగు కాళ్ళూ చూపించమన్నాను. అన్నీ చేయించి, గోధుమరంగుదాన్నే కొన్నాడు. మూడు వారాలకు ట్రైలర్ తెచ్చాం. ఆయన తాడు పట్టుకుంటే గుర్రం కదల్లేదు. నేను పట్టుకుంటే నా వెనకే ఎక్కేసింది.

"ఎక్కదా మరి, ప్రతి నెలా కొలతల టేపుతో వస్తాడుగా" అంది ముసలావిడ.

ఆయన నా వైపు తిరిగాడు. "చెప్పొచ్చు కదోయ్. కావాలంటే నువ్వే తీసుకో, మా కొట్టంలో ఉంచుకో."

"వద్దులే అన్నయ్యా."

నలభై రెండు మైళ్ళు ఆ ట్రైలర్ వెనకే నా కారు నడిపాను. ఆయన మంచివాడు. ఆ పూట నాకు అది కూడా కంటగింపుగానే ఉంది.