వాన తగ్గాక రండి

మబ్బు పట్టిందంటే ఆ వీధిలో అందరికంటే ముందు తెలిసేది కారు మెకానిక్‌కే. తొలి చినుకు రేకు మీద టప్పుమనగానే చేతిలో పని అలాగే వదిలేసి షట్టరు సగానికి దించేసేవాడు. అందుకే ఆయనకు పొడిమేస్త్రీ అని పేరు పడింది. "ఉప్పుతో చేశారా ఏంటయ్యా నిన్ను, కరిగిపోతావా?" అని పక్కనే ఉన్న ఇస్త్రీ కొట్టాయన వేళాకోళం చేస్తే నవ్వేసి ఊరుకునేవాడు. అసలు సంగతి వేరు. పని నేర్చుకునే వయసులో తడి నేల మీద నిలబడి వైరు లాగిన చేతిలైటు పట్టుకుంటే కరెంటు కొట్టింది. మూడు రోజులు కుడిచెయ్యి ఆయన మాట వినలేదు. భయమని చెప్పుకోవడానికి సిగ్గేసి, అది తన పద్ధతి అన్నాడు. భయానికి పద్ధతి అని పేరు పెట్టుకుంటే బతుకు హాయిగానే సాగిపోతుంది. ముప్ఫై ఏళ్లు సాగింది కూడా.

పనిలో మాత్రం ఆయనకు వంక పెట్టడానికి లేదు. ఇంజను మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని, ఫలానా చోట తేడా ఉందని చెప్పేవాడు. ఆ మాటకు తిరుగుండేది కాదు. అదే ఆయన నెత్తికెక్కిందేమో, ఎవరైనా ఎదురు చెబితే గిట్టేది కాదు.

ఆ రోజు మిట్టమధ్యాహ్నం, చుక్క వాన లేదు. పాత తెల్లకారు ఒకటి తాడు కట్టించుకుని షెడ్డులోకి వచ్చింది. వెనక భాగమంతా నలిగి ముద్దయింది, ముందు భాగం చెక్కుచెదరలేదు. దాని వెంట నడిచి వచ్చింది బడి టీచరమ్మ. మేస్త్రీ బండిని చూడగానే గుర్తుపట్టాడు. మూడు నెలల కిందట టీచరమ్మ భర్త ఈ కారులోనే పోయాడు. జోరువానలో, ఊరి చివర ఎత్తు ఎక్కుతుండగా బండి రోడ్డు నడిమధ్యన నిలబడిపోయింది. వెనక వస్తున్న లారీ ఆగలేకపోయింది. ఆ కబురు విన్న నాటి నుంచి 'నాకేం సంబంధం' అని మేస్త్రీ ఎవరూ అడగకుండానే అనుకుంటూ వచ్చాడు. గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకోవడమంటే అదే.

"బాగుచెయ్యక్కర్లేదు మేస్త్రీ గారూ," అంది టీచరమ్మ. "ఒక్కటే తెలియాలి. బండి దానంతటదే ఆగిందా, ఆయనే ఆపుకున్నారా?"

మేస్త్రీకి వెంటనే అర్థం కాలేదు.

"ఆ పొద్దున ఇద్దరం పోట్లాడుకున్నాం. ఎక్కడికైనా పోండి, నా కళ్లకు కనబడకండి అన్నాను. కారణం లేకుండా మధ్యలో ఆపేశాడని లారీ అతను చెప్పాడట. లోకులు ఊరుకుంటారా? మా అత్తగారైతే నా కొడుకుని నువ్వే మింగావంది. అంతే, ఆ రోజు నుంచి నాతో మాట లేదు. ఒకే ఇంట్లో ఉంటున్నాం." ఆమె మాటలన్నీ ముందే ఏడ్చి ఆరబెట్టుకుని తెచ్చినట్టున్నాయి.

మేస్త్రీ బానెట్ ఎత్తాడు. కొత్త బ్యాటరీ పెట్టి తాళం తిప్పితే ఇంజను ఒక్క పట్టుకే అందుకుంది. మెత్తగా, నిలకడగా తిరుగుతోంది. అరచెయ్యి ఆనించి చూశాడు. ఏ లోపమూ లేదు. ఆ మాటే చెబితే ఆమె ఇంటికి వెళ్లిపోతుంది. ఎక్కడికైనా పొమ్మన్న మాటను మిగిలిన బతుకంతా మోస్తుంది.

ఆయన వెళ్లి ఇస్త్రీ కొట్టులోంచి బట్టల మీద నీళ్లు చల్లే సీసా అడిగి తెచ్చాడు. షట్టరు మూడొంతులు దించాడు, లైటు ఆపాడు. దూరంగా నిలబడి, చెయ్యి మాత్రం చాపి, నడుస్తున్న ఇంజను మీద నీళ్లు చల్లాడు. నాలుగైదుసార్లు చల్లేసరికి ఇంజను దగ్గింది, కుంటింది. నిప్పురవ్వ పుట్టించే కాయిలు నుంచి వచ్చే లావుపాటి వైరు దగ్గర, చీకట్లో, నీలంగా చిన్న మెరుపు కనబడింది. వైరు తొడుగు ఇనప పట్టీకి ఒరుసుకుని చిట్లింది. తడి తగిలితే చాలు, ప్లగ్గులకు వెళ్లాల్సిన నిప్పు దారి తప్పి ఇనుములోకి పోతోంది. ఇంకోసారి చల్లగానే ఇంజను ఆగిపోయింది.

"చూశారా అమ్మా? ఆయన ఆపలేదు. బండే ఆగింది."

టీచరమ్మ అక్కడున్న టైరు మీద కూలబడి, చీర చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మేస్త్రీ అక్కడితో ఊరుకోవచ్చు. సగం నిజంతో ఆమె గండం గడిచింది, మిగతా సగం ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు. కానీ నోరు ఊరుకోలేదు.

"ఆయన నా దగ్గరికి రెండుసార్లు వచ్చారమ్మా. వానలో బండి లాగట్లేదు అన్నారు. మొదటిసారి వాన లేని రోజున చూసి, బండి బాగానే ఉంది, పెడలు తొక్కే మీ కాలే బాగాలేదన్నాను. రెండోసారి వాన పడుతుండగానే వచ్చారు. ఇదిగో, ఈ షట్టరు బయటే నిలబడి, ఇప్పుడే అలా చేస్తోంది, ఇప్పుడే చూడండి మేస్త్రీ అని బతిమాలారు. వాన తగ్గాక రండి అన్నాను. తగ్గాక అలా చెయ్యదు కదా అన్నారు. చెయ్యకపోతే బాగున్నట్టే కదా అన్నాను. ఇక్కడున్న వాళ్లంతా నవ్వారు. ఆయన కూడా నవ్వారమ్మా."

ఆమె కళ్లు తుడుచుకుని టైరు మీద నుంచి లేచింది. తిడితే బాగుండుననిపించింది మేస్త్రీకి.

"మీరే వచ్చి మా అత్తగారికి చెప్పండి," అంది. "రెండూ చెప్పండి."

వెళ్లడానికి మేస్త్రీకి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగో రోజు వాన పట్టుకుంది. షట్టరు మీద చెయ్యి వేసినవాడు దాన్ని దించకుండానే వీధిలోకి దిగాడు. "ఏమయ్యోయ్, తడుస్తావ్!" అని ఇస్త్రీ కొట్టాయన కేక వేస్తున్నా వెనక్కి తిరగలేదు.

టీచరమ్మ తలుపు తీసింది. లోపల మంచం మీద ముసలావిడ కూర్చుని ఉంది. మేస్త్రీ మెట్టు మీదే, చూరు నీళ్ల కింద నిలబడి, వైరు సంగతీ తన సంగతీ ఉన్నదున్నట్టు చెప్పాడు. ముసలావిడ కళ్లు ఆర్పకుండా విన్నది.

"వానలో వచ్చాడా నా కొడుకు?"

"వచ్చారమ్మా."

"లోపలికి రమ్మన్నావా?"

"లేదమ్మా."

ఆవిడ ముఖం గోడ వైపు తిప్పుకుంది. చూరు నీళ్లు మేస్త్రీ నెత్తి మీద నుంచి కారి చొక్కా లోపలికి పోతున్నాయి. అప్పుడు ఆవిడ నోరు విప్పింది. ఆయనతో కాదు, మూడు నెలల తరవాత మొదటిసారి కోడలితో.

"అమ్మాయ్, ఆ మనిషి తడిసిపోతున్నాడు. లోపలికి రమ్మను."

టీచరమ్మ పక్కకు జరిగి దారి ఇచ్చింది. గడప జానెడు కూడా లేదు. దాన్ని దాటడానికి మేస్త్రీకి కాళ్లు రాలేదు.