పద్నాలుగు గంటలు ఆరిన ఫిల్మ్

తొమ్మిదేళ్లుగా ఒక అంకె మోస్తున్నాను. నలభై ఎనిమిది. బస్సు నంబరులో కనబడినా, పిల్లల లెక్కల పుస్తకంలో కనబడినా చూపు తిప్పుకుంటాను. ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకు కూడా. ఈ కాగితం చదివే మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను. అలసిపోయాను కూడా. దాచడానికీ ఓపిక కావాలి, అది ఇక నా దగ్గర లేదు.

నేను పీహెచ్‌డీ చేసింది బ్యాటరీల మీద. మీ ఫోనులో ఉండే లిథియం బ్యాటరీ లోపల ఒక ద్రవం ఉంటుంది. లిథియం అందులోంచే ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తుంది. బ్యాటరీ దెబ్బతిని వేడెక్కితే అంటుకునేదీ ఆ ద్రవమే. దాని బదులు పల్చటి ప్లాస్టిక్ పొరలాంటి పాలిమర్ ఫిల్మ్ పెడితే మంటల భయం తగ్గుతుంది. చిక్కల్లా ఒకటే, గట్టి పొరలో లిథియం సరిగా నడవదు. నడవనిచ్చే పొర తయారు చెయ్యడమే మా పని.

పద్ధతి పెద్ద వింతేమీ కాదు. పాలిమర్‌నూ లిథియం లవణాన్నీ ఒక ద్రావకంలో కరిగించి, గిన్నెలో పోసి, గాలి తీసేసిన ఓవెన్‌లో ఆరబెట్టాలి. నలభై ఎనిమిది గంటలు. పైకి ఎండినట్టుండి లోపల తడి వదలని వడియాన్ని మీరు చూసే ఉంటారు. ఫిల్మూ అంతే. లోపల ద్రావకం మిగిలిపోతే లిథియం హాయిగా నడుస్తుంది, ఆ నడకను కొలిస్తే అంకె బ్రహ్మాండంగా వస్తుంది. అయితే అది పొర గొప్పతనం కాదు. మనం వద్దనుకున్న ద్రవమే మళ్లీ లోపల చేరి పని చేస్తున్నట్టు.

నాకో అలవాటు ఉండేది. రేపు చెయ్యబోయే పనిని ఇవాళే ల్యాబు పుస్తకంలో రాసి పెట్టుకునేదాన్ని. పనిమంతురాలినని అందరూ మెచ్చుకునేవారు. ఆసారి కూడా ‘నలభై ఎనిమిది గంటలు ఆరబెట్టాను’ అని ముందే రాసేసి, సాయంత్రం ఫిల్మ్‌ను ఓవెన్‌లో పెట్టాను. తెల్లారి ల్యాబుకు వెళ్తే, కొలిచే మిషన్ అనుకోకుండా ఖాళీ అయింది, మీ వంతు ఇప్పుడే అన్నారు. మర్నాడు నిమజ్జనం. బాలాపూర్ గణపతి కదిలాడంటే మా వైపు దారులన్నీ మూసేస్తారు, యూనివర్సిటీకి ఎలాగూ సెలవు. ఈ వంతు పోతే మళ్లీ మూడు వారాలు ఆగాలి. ఫిల్మ్ బయటికి తీశాను. అప్పటికి అది ఆరింది పద్నాలుగు గంటలు. ఊరికే ఒకసారి కొలిచి చూద్దామనుకున్నాను, అంతే. నిజంగా అంతేనా? ఇన్నేళ్లుగా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను.

అంకె అద్భుతంగా వచ్చింది. మా గైడు సార్ కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. మూడేళ్లలో ఆయన నన్ను పేరు పెట్టి పిలిచింది ఆ రోజే. పుస్తకం తీసుకుని, నలభై ఎనిమిది అని ఉన్న పేజీ చూసి, వ్యాసం రాద్దామన్నారు. అప్పుడు ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. సార్, ఇంకా ఆరలేదు. ఆయన ముఖంలోని ఆ సంతోషాన్ని నేనే పాడు చెయ్యాలా అనిపించింది. నా సంతోషం గురించి మాత్రం అప్పుడు ఆలోచించలేదని నటించాను.

తర్వాత పూర్తిగా ఆరబెట్టి మూడుసార్లు చేశాను. మూడుసార్లూ అంకె పదుల రెట్లు పడిపోయింది. అప్పటికి వ్యాసం పత్రికకు వెళ్లిపోయింది. ఆ మూడు కొలతలూ విడి కాగితాల మీద రాసుకున్నాను. చింపేశాను.

ఇక్కడితో ఆగి ఉంటే నా పాపం నాతోనే ఉండేది. తర్వాత మా ల్యాబుకు స్వరూప వచ్చింది. పేరు మార్చాను. నల్గొండ దగ్గర పల్లెటూరి అమ్మాయి, దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టల్. గుంటూరు నుంచి వచ్చి ఎల్బీనగర్‌లో స్థిరపడిన కుటుంబం మాది. సాయంత్రాలు ఇద్దరం ఒకే బస్సులో వచ్చేవాళ్లం, ఆమె ముందు దిగేది. నా ఫిల్మ్‌తో బ్యాటరీ చెయ్యడం ఆమె పీహెచ్‌డీ. ముందు నా ఫిల్మ్‌ను తన చేత్తో చేసి, నా అంకె తెప్పించాలి.

ఆమెకు నా అలవాటు లేదు. ఫోనులో అలారం పెట్టుకుని సరిగ్గా నలభై ఎనిమిది గంటలకు తీసేది. అందుకే అంకె రాలేదు. రెండేళ్లు రాలేదు. లవణం మార్చింది, గిన్నెలు మార్చింది, ఏడ్చింది. కొందరి చేతికి ల్యాబు పని అబ్బదని సార్ అందరి ముందూ అనడం మొదలుపెట్టారు. పక్క బల్ల దగ్గర కూర్చుని నేను నా థీసిస్ రాసుకుంటున్నాను.

ఒకరోజు మధ్యాహ్నం నా దగ్గరికి వచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

“అక్కా, జర ఇది చూడున్రి. గీ ఒక్క ఫిల్మ్‌కు మీ అంకె ఒచ్చింది.”

“ఎలా చేశావు?”

“కొత్తగ ఏం చెయ్యలే. నిన్న కరెంటు పోయి ఓవెన్ బందయింది, నేను చూస్కోలే. సగమే ఆరింది.” తన ల్యాబు పుస్తకం నా ముందుకు జరిపింది. “అక్కా, అప్పట్ల మీ ఫిల్మ్ గూడ గట్లనే సగం ఆరి ఉంటదా?”

“లేదమ్మా. నేను పూర్తిగా ఆరబెట్టాను. పుస్తకంలో ఉంది కదా. ఇది చెడిపోయిన శాంపిల్, పారెయ్.”

“మరి నేనేం తప్పు చేస్తున్న అక్కా?”

“చెయ్యి కుదరాలి స్వరూపా.”

“సరే అక్కా.”

అంతే. నా మాట నమ్మింది. ల్యాబు పుస్తకంలో తప్పును చెరిపెయ్యకూడదు, పాత అంకె కనబడేలా దాని మీద ఒక్క గీత గీసి, పక్కన మన పేరు పొడి అక్షరాలు వెయ్యాలి. స్వరూప నా ఎదురుగానే ఆ కొలత మీద గీత గీసి, పొడి అక్షరాలు వేసింది. రెండేళ్లలో ఆమెకు దొరికిన నిజం అదొక్కటే. దాన్ని ఆమె చేత్తోనే కొట్టేయించాను. పద్నాలుగు గంటల సంగతి భయం అనుకోవచ్చు. ఇదేమిటి?

కొన్ని నెలలకు ఆమె పీహెచ్‌డీ వదిలేసింది. వెళ్లే రోజు తన గిన్నెలన్నీ తళతళలాడేలా కడిగి నా బల్ల మీద పెట్టింది. నాకు డాక్టరేట్ వచ్చింది, ఇంజినీరింగ్ కాలేజీలో ఉద్యోగం వచ్చింది.

పోయిన నెల దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్ల మీద కనబడింది. నేను తల తిప్పుకునేలోపే వచ్చి చెయ్యి పట్టుకుంది. అక్కడే ఇంటర్ పిల్లల కోచింగ్ సెంటర్‌లో కెమిస్ట్రీ చెబుతోందట. పాఠాలంటే పిల్లలకు ఇష్టమట. ప్రాక్టికల్స్ మాత్రం వేరే లెక్చరర్‌కు వదిలేస్తుందట, తన చెయ్యి కుదరదు కదా అని నవ్వింది. ఆ మాట నాదే. ఇన్నేళ్లు జాగ్రత్తగా దాచుకుంది. ఆమె పట్టుకున్న చేతిని చూసుకుంటూ రైలులో ఎల్బీనగర్ దాకా మూడు స్టేషన్లూ నిలబడే ఉన్నాను.

తన నంబరు తనే నా ఫోనులో ఎక్కించింది. ఇంకా ఫోన్ చెయ్యలేదు. చేస్తానని మీకు మాటివ్వను. చెయ్యబోయే పనిని ముందే చెప్పేస్తే నేనేం చేస్తానో మీకిప్పుడు తెలుసు.

ల్యాబుకు తిరిగి ఇచ్చెయ్యాల్సిన నా పుస్తకాన్ని ఇన్నేళ్లూ బీరువాలో చీరల కింద దాచాను. ఇవాళ ఉదయం పిల్లలు బడికి వెళ్లాక తీశాను. నలభై ఎనిమిది మీద ఒక్క గీత గీసి, పక్కన పద్నాలుగు అని రాసి, నా పొడి అక్షరాలు వేశాను. స్వరూప చేతిలో ఏ లోపమూ లేదు. మీకు రాస్తున్న ఈ కాగితం మీద మాత్రం ఆ అక్షరాలు వెయ్యలేకపోతున్నాను.