యంత్రం నిద్రపోయిన మధ్యాహ్నం

ఆ రోజుల్లో నాకు కాస్త పొగరుండేది. గుంటూరు మొత్తమ్మీద కెర్నల్ లోపలికి తలదూర్చినవాణ్ణి నేనొక్కణ్ణే అనుకునేవాణ్ణి. బ్రాడీపేటలో మేడ మీద ఒక గది అద్దెకు తీసుకుని కంప్యూటర్లు బాగుచేసేవాణ్ణి. తీరిక దొరికితే ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయలాంటి ఆ ప్రోగ్రామును విప్పి చదువుతూ కూర్చునేవాణ్ణి.

ఊరి బయట మిరపకాయల కోల్డ్ స్టోరేజీ వాళ్ళు నన్ను పిలిచింది ఆ పేరు వినే. అక్కడ ఒక పాత లాప్‌టాప్ నిమిషానికోసారి గదుల చల్లదనం చూసి రాసుకునేది. వేడి హద్దు దాటితే బజర్ మోగేది. అప్పుడు తలుపులు మూయించి జనరేటర్ వేయాలి. బజర్ మోగకుండా జనరేటర్ ముట్టుకోవద్దని, డీజిల్ తగలేయొద్దని యజమాని గారి ఆజ్ఞ. చిక్కల్లా కరెంటు పోయినప్పుడే. లాప్‌టాప్ బ్యాటరీ గంటకు మించి వచ్చేది కాదు.

కొత్త బ్యాటరీ కొనండి అంటే సరిపోయేది. నేను అనలేదు. కెర్నల్లోనే సరిచేస్తానని గొప్పగా చెప్పాను.

పని లేనప్పుడు ప్రాసెసర్ నిద్రపోతుంది. ఆ నిద్రలో మెట్లున్నాయి. నా నోటుపుస్తకంలో వాటికి కునుకు, నిద్ర, మొద్దునిద్ర అని ముద్దుగా పేర్లు పెట్టుకున్నాను. కునుకులోంచి చప్పున లేస్తుంది గాని బ్యాటరీ పెద్దగా మిగలదు. మొద్దునిద్రలో బాగా మిగులుతుంది. కరెంటు పోగానే ప్రాసెసర్ నేరుగా మొద్దునిద్రకు పోయేట్టు కోడ్ మార్చాను. నిమిషానికోసారి లోపలి టైమర్ లేపుతుంది, గదుల వేడి చూసుకుని మళ్ళీ పడుకుంటుంది. ఎదురుగా కూర్చుని, మీటలు నొక్కుతూ చాలాసేపు పరీక్షించాను. అంతా బ్రహ్మాండంగా నడిచింది.

అక్కడి ఆపరేటర్ యాభై దాటిన సాయిబు గారు. కంప్రెసర్ల చప్పుడు విని రోగం చెప్పగల మనిషి. ఆయనకొక అలవాటుండేది. కరెంటు లేనప్పుడు అటుగా వెళ్ళినప్పుడల్లా స్పేస్ బార్‌ను వేలితో తట్టేవారు. నాకు ఒళ్ళు మండేది. తట్టినప్పుడల్లా ప్రాసెసర్ లేచి బ్యాటరీ తింటుంది మరి.

“ఎందుకండీ దాన్ని ఊరికే కెలుకుతారు?” అని ఒకరోజు కసిరాను.

“తట్టకపోతే తెర మీద గడియారం నిలబడిపోతందండీ బాబూ. తడితే మళ్ళా నడుస్తంది.”

“నిలబడదు, నిద్రపోతుంది. అది నిద్రపోవాలనే కదా నేనింత కష్టపడింది!”

“మరీ నిద్రపోతందేమో, ఓసారి చూడండి.”

చూడలేదు. కంప్రెసర్ల మనిషికి కెర్నల్ గురించి ఏం తెలుసని. తెల్లకాగితం మీద ‘ముట్టుకోరాదు’ అని ఎర్ర స్కెచ్ పెన్నుతో రాసి కీబోర్డు మీద అంటించాను. ఆయన మర్యాదస్తుడు. మళ్ళీ ముట్టుకోలేదు.

వేసవిలో ఒక మధ్యాహ్నం మిర్చి యార్డుకు సరుకు పోతోంది. తలుపులు బార్లా తీసి హమాలీలు మిరపకాయల టిక్కీలు, అంటే గోనె బస్తాలు, మోస్తున్నారు. కరెంటు పోయింది. సాయిబు గారు లాప్‌టాప్ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. అంతకుముందు ఒకసారి బజర్ మోగకుండానే జనరేటర్ వేసి నానా తిట్లూ తిన్నారు. ఈసారి మోగేదాకా ఆగారు. అది మోగలేదు. సాయంత్రం కరెంటు వచ్చేసరికి గోడలు చెమర్చాయి. రెండు వారాలు తిరిగేసరికి, తలుపు దగ్గరి వరుస టిక్కీల్లో బూజు కనిపించింది. డ్యూటీలో నిద్రపోయాడని ఆయన్ను పనిలోంచి తీసేశారు.

లాప్‌టాప్ నా గదికి తెచ్చి చూశాను. ఆ మధ్యాహ్నం కరెంటు పోయిన కాసేపటి నుంచి మళ్ళీ వచ్చేదాకా ఒక్క అంకె లేదు. ఆ రకం లాప్‌టాప్‌లో ప్రాసెసర్ మొద్దునిద్రకు పోతే, లేపాల్సిన టైమర్ కూడా పడుకుంటుంది. ఇక ఎవరైనా మీట నొక్కితేనే లేవాలి. పరీక్షించిన రోజు దాన్ని లేపింది నా వేళ్ళు. ఆ తర్వాత లేపుతూ వచ్చింది సాయిబు గారి వేలు. దానికి అడ్డంగా కాగితం అంటించింది నేను. నా మీద నాకే అసహ్యం వేసింది.

యజమాని గారి దగ్గరికి పరుగెత్తాను. “తప్పు నాదండీ. ఆయన మెలకువగానే ఉన్నారు. నిద్రపోయింది ప్రాసెసర్” అన్నాను.

“యంత్రం నిద్రపోవడమేందయ్యా? అన్నం తిని ఆయనే ఓ కునుకేశాడు. నువ్వు మంచోడివి కాబట్టి వెనకేసుకొస్తున్నావు.”

నోటుపుస్తకం తెరిచి చూపించాను. కునుకు, నిద్ర, మొద్దునిద్ర. ఆయన ఆ మూడు మాటలూ పైకి చదివి, “నేను చెప్పిందే గదా నువ్వు రాసింది” అని పడీపడీ నవ్వాడు. ఇంగ్లీషు పేర్లే ఉంచి ఉంటే భయపడైనా నమ్మేవాడేమో. ఆ తర్వాత రెండుసార్లు వెళ్ళాను. రెండోసారి గేటు దగ్గరే ఆపేశారు.

ఆ కోడ్ సరిచేయడానికి ఒక్క లైను పట్టింది. ఇప్పటికీ నా దగ్గరుంది. ఎవరికీ అక్కర్లేదు.

కొన్నేళ్ళకు బ్రాడీపేటలోనే ఒక కోచింగ్ సెంటర్ గేటు దగ్గర సాయిబు గారు కనిపించారు. వాచ్‌మన్ పని. కాళ్ళు వాచి ఉన్నాయి. పక్కనే కుర్చీ ఖాళీగా ఉంది. జరిగిందంతా చెప్పి, తప్పు నాదేనన్నాను. ఆయన ఓపికగా విన్నారు.

“తట్టొద్దన్నారు గదండీ. తట్టలేదు” అన్నారు, అంతే.

కూర్చోండి సాయిబు గారూ అని కుర్చీ జరిపాను. ఆయన అటూ ఇటూ చూసి వద్దన్నట్టు చెయ్యి ఊపారు.

“కూర్చోనండీ బాబూ. కూర్చుంటే నిద్రపోయాడంటారు.”