పదకొండో వరస కిటికీ సీటు

మేం కోరి తీసుకున్న సీట్లను విమానం వాళ్ళు మమ్మల్ని ఒక్క మాట అడక్కుండా మార్చేశారు. తప్పు వాళ్ళది. ఇప్పటికీ అదే అంటాను.

దెయ్యాలూ గాలీ ధూళీ నేను నమ్మను. బడిలో చదివింది తక్కువే గానీ, బరంపురం పట్టుబట్టల కొట్లో పనిచేస్తూ దొరికిన కాగితమల్లా చదివి ఇంగ్లిషు నేర్చుకున్నవాణ్ణి. ఏ సంగతైనా తిరగేసి చూడందే ఒప్పుకోను.

అమ్మాయినీ, రెండేళ్ళు దాటిన మనవణ్ణీ ముంబైలో అల్లుడి దగ్గర దింపడానికి భువనేశ్వర్‌లో విమానం ఎక్కాం. సీట్లు ఎంచింది నేనే. నడవ పక్కన కూర్చోబెడితే పసివాడు చెయ్యి బయటికి చాస్తాడు, టీ బండి తగులుతుంది. అందుకని వాడికి కిటికీ, మధ్యలో తల్లి, ఈ చివర నేను. అమ్మాయికి వీడికంటే ముందు పుట్టిన ఇద్దరూ దక్కలేదు. వీడి విషయంలో మాకు ప్రతిదీ భయమే.

కౌంటర్లో ఇచ్చిన కాగితాలు అమ్మాయి సంచిలో పెట్టేసింది. లోపలికి వెళ్ళాక చూస్తే పదకొండో వరస కాదు, చిట్టచివరిది, మరుగుదొడ్డి పక్కన. అక్కడే నిలబడి నిలదీశాను.

"ఇది గిరిసోల బస్సనుకున్నావేటి నాన్నా? అందరూ సూస్తన్నారు, కూకో" అంది అమ్మాయి.

కూర్చున్నాను గానీ ముంబై దాకా గొణుగుతూనే ఉన్నాను.

దిగేటప్పుడు విమానం నేలకు గట్టిగా కొట్టుకుంది. ముందు వరసల్లో పైనున్న సామాన్ల అర మూత ఒకటి ఊడిపడింది. బయటికి వెళ్తూ చూశాను. పదకొండో వరస, కిటికీ సీటు. మూత అంచు దిండులోకి దిగిపోయి ఉంది. ఆ సీట్లో ఎవరూ లేరు. అమ్మాయి పిల్లాణ్ణి గుండెకు అదుముకుని, "ఏటీ అనకు నాన్నా" అంది.

మంచే జరిగింది కదా, వదిలెయ్యమన్నారు అందరూ. మంచి వేరు, జవాబుదారీ వేరు. ఎవరిని అడిగి మార్చారని రాశాను. బదులు లేకపోతే మళ్ళీ రాశాను.

వాళ్ళ జవాబు చదివేముందు మా ఇంటి సంగతి ఒకటి తెలియాలి. బిడ్డలు దక్కని ఇంట పుట్టినవాణ్ణి మా వైపు పరాయి మనిషికి తౌడుకి అమ్ముతాం. వాడు ఈ ఇంటివాడు కాదని మృత్యువు కళ్ళు కప్పడం. మా వాణ్ణి మా ఊరు గిరిసోలలో కూరలమ్మే నూకాలు కొంది. చేటలో తౌడు పోసి, పిల్లాణ్ణి ఒళ్ళోకి తీసుకుని, "నా పిల్లడే, మీరు పెంచి పెట్టండి" అని తిరిగి మా చేతికిచ్చింది. ఎప్పుడు కనిపించినా, "నా సొత్తుని సరిగ్గా సూస్తన్నారా, లాక్కుపోమంటారా?" అని ఎగతాళి చేసేది. మా ప్రయాణానికి ముందు వానాకాలంలో జ్వరంతో పోయింది. పాడె మోసినవాళ్ళలో నేనూ ఉన్నాను.

కౌంటర్ దగ్గర ఉన్నది మేం ముగ్గురమే. ఈ సంగతి అక్కడ ఎవరితోనూ అనలేదు. ఎన్ని విధాల ఆలోచించినా వాళ్ళ జవాబు నాకు కొరుకుడు పడలేదు. ఇంగ్లిషులో వచ్చిన జవాబును మాట పొల్లుపోకుండా తెలుగులో ఇస్తున్నాను:

"అయ్యా, సీట్లు మార్చమని కోరింది పిల్లవాడి తల్లి. మీ కుమార్తె కాదు, మీ వెనకే నిలబడిన పెద్దావిడ. తల్లినన్న రుజువు అడిగితే, చేటెడు తౌడిచ్చి కొనుక్కున్నానని ఒడియాలో చెప్పారట. ఆ మాట మా ఉద్యోగికి అర్థం కాలేదు. అయినా ఆవిడ కౌంటరు వదలకపోవడంతో మార్చారు. తల్లి కోరిక మీద జరిగిన మార్పు గనక మీ ఫిర్యాదును ఇంతటితో ముగిస్తున్నాం."