కట్ట వెనక తడి మరక

మా వంటింట్లో చింతపండు దాచుకునే రేకు డబ్బా ఒకటుంది. దాని మీది ఇంగ్లీషు అక్షరాలు ఎప్పుడో చెరిగిపోయాయి, మూత అంచుకు తుప్పు పట్టింది, అయినా వానాకాలం మొదట్లో మూత తీస్తే చింతపండు పులుపు అడుగునుంచి పాలపొడి వాసన సన్నగా వస్తుంది. రాదని మా అమ్మాయి వాదిస్తుంది, అదీ మరాఠీలో. వస్తుంది, నాకొస్తుంది. ఆ వాసన తగిలితే చాలు, నేను తొమ్మిదేళ్ల పిల్లనై, ఏది మంచో ఏది చెడో తేల్చుకోలేక నిలబడిపోతాను.

ఎనభైల్లో మేం బొంబాయి కామాఠీపురాలో, గదికో కుటుంబం ఉండే ఒక చాల్ రెండో అంతస్తులో ఉండేవాళ్లం. ఒక్కటే గది, దాన్ని ఖోలీ అనేవాళ్లం. వరండా పొడుగునా మా పాలమూరు వైపువాళ్లే. పొద్దున్నే ఒక గదిలో మొదలై చివరి గది దాకా పాకే జొన్నరొట్టెల చప్పుడు, ఎండాకాలం ఆరబోసిన ఒడియాలకు పిల్లల కాపలా, వానాకాలం పైకప్పు కారేచోటల్లా గిన్నెలు, బతుకమ్మకు దాదర్ నుంచి బంతిపూల మూటలు మోసుకొచ్చే ఆడవాళ్లు, నల్లా దగ్గర మరాఠీలో మొదలై తెలుగు తిట్లతో తేలే తగాదాలు, మెట్ల కింద ఒంటికాలి మీద మేమాడే లంగ్డీ, నాకు తెలిసిన లోకమంతా అదే. నాయన మేస్త్రీ. గ్రాంట్ రోడ్ నుంచి వర్లికి బస్సులో పోతుంటే ఇది మేం కట్టిందే, అది మేం కట్టిందే అని కిటికీలోంచి చూపించేవాడు. ఆ మేడలన్నీ మావేననుకునేదాన్ని. మరి మేమెందుకు ఒక్క గదిలో ఇరుక్కుని పడుకుంటున్నామో ఎంత ఆలోచించినా బుర్రకెక్కేది కాదు.

ఊళ్లో నాయన తల్లి, మా అవ్వ, ఉండేది. కరువొచ్చిన ఏడు బయటి దేశపు సంస్థవాళ్లు జీపులో వచ్చి పాలపొడి పంచారు, బోరు వేసి ఇంజను పెట్టారు. కొన్నాళ్లకు ఇంజను చెడిపోయింది. దాని సామాను వాళ్ల దేశం నుంచే రావాలట. ఇక ఊరంతా జీపు కోసం ఎదురుచూడటమే పనిగా పెట్టుకుంది. తాతలనాటి కుంట పూడిపోయి, కట్ట తెగి, లోపల తుమ్మచెట్లు మొలిచినా ఎవరికీ పట్టలేదు. ఊరినుంచి వచ్చిన మనిషొకడు ఈ సంగతి చెప్పిన ఆదివారం నాయన మా ఊరివాళ్లందర్నీ వరండాలో కూర్చోబెట్టాడు.

"బొంబైల గిన్ని మేడలు గట్టినం. మన కుంట గట్టనీకి జీపు రావాల్నా?"

వెనకటికి కట్ట తెగితే ఇంటికొక మనిషి పారో గంపో పట్టుకుని రావడం ఊరి ఆనవాయితీ. ఆ ఎండాకాలం మా చాల్ నుంచి గదికొక మనిషి బయల్దేరాడు, కొందరు పెళ్లాంపిల్లలతో సహా. రైల్లో నాయన అమ్మతో అంటుంటే విన్నాను, "కుంట నిండితె ఊర్లనే ఉందాం. మల్ల బొంబై వద్దు" అని. అమ్మ ముఖం విప్పారింది. మరి నా లంగ్డీ జట్టు ఏమవుతుందని నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

ఊళ్లో సగం మంది పార ముట్టలేదు. "మనమే గట్టుకుంటె ఆళ్లింక రారు. పాలపొడి బందయితది" అంది పక్కింటి నర్సమ్మ. నాకూ ఆమె మాటే సబబనిపించింది. అవ్వ దాచినదాంట్లోంచి అరచేతిలో పోసుకుని నాకితే అంగిట్లో అతుక్కుపోయే ఆ పొడి కన్నా రుచైనది నేనెరగను మరి. ఊరికే వచ్చేదాన్ని నాయన ఎందుకు కాదంటున్నాడో, అందరూ ఎండలో ఈ మట్టి ఎందుకు మోస్తున్నారో తెలియక తికమకపడుతూనే నేనూ తట్టలు మోశాను. మెల్లగా ఇల్లిల్లూ కదిలింది. చివరికి నర్సమ్మ కూడా గంప పట్టుకుని వచ్చింది, సణుక్కుంటూనే.

పొలాలకు నీళ్లు వదిలే తూమును నాయన బొంబాయి పద్ధతిలో సిమెంటుతో కట్టాడు. అవ్వ అడ్డుపడింది.

"సిమెంటు మట్టిని పట్టదు కొడుకా. నల్లరేగడి వెట్టి గొర్లతోని తొక్కియ్యి."

"పది అంతస్తులు నిలవెట్టినోన్ని, గిదెంతనే" అని నాయన నవ్వాడు.

తొలి వానకే కుంటలో నడుంలోతు నీళ్లు నిలిచాయి. ఊరంతా వచ్చి చూసి మురిసిపోయింది. వాన వెలిశాక సాయంత్రం నేనొక్కదాన్నే కట్ట వెనక్కి దిగాను. తూము పక్కన, సిమెంటూ మట్టీ కలిసేచోట, చాటంత తడి మరక. వేలు పెడితే మట్టి మెత్తగా జారింది. చెబితే కట్ట నిలుస్తుంది, మేం ఇక్కడే ఉండిపోతాం. చెప్పకపోతే కట్ట పోతుంది, నేను మళ్లీ మా మెట్ల కింద లంగ్డీ ఆడుకోవచ్చు. ఇంటికెళ్లి అన్నం తిన్నాను. ఎవరికీ చెప్పలేదు.

తెల్లవారి అవ్వే చూసింది. అప్పటికే వేలెడు లావు ధార కారుతోంది. ఆమె కేకకు ఊరంతా ఉరికింది. రేగడి ముద్దలు చేతి నుంచి చేతికి అందించుకున్నారు, గొల్లలు రెండు మందల్ని కట్ట మీదికి తోలి అటూ ఇటూ తొక్కించారు, నాయన నడుంలోతు నీళ్లలో నిలబడి అవ్వ చూపించిన చోటల్లా రేగడి కూరాడు. మధ్యాహ్నానికి ధార ఆగింది. నాయన గట్టెక్కి, ధార కారినచోటు చూద్దామని కట్ట వెనక్కి వస్తున్నాడు. అక్కడ బురదలో నా రబ్బరు చెప్పుల అచ్చులున్నాయి. ఆ ఊరి బురదలో చెప్పులేసుకుని తిరిగేది, చాల్ నుంచి వచ్చిన పిల్లలందర్లోనూ, నేనొక్కదాన్నే. అవ్వ ఆ అచ్చుల్ని చూసింది, నన్ను చూసింది, కాలితో మెల్లగా చెరిపేసింది.

అమ్మానాయనా ఊళ్లోనే ఉండిపోయారు. బడి బడి అని నేను ఏడ్చి గోల చేస్తే, అక్కడ మా పక్క గదిలో ఉండే పెద్దమ్మ వెంట నన్ను చాల్‌కు పంపారు. వచ్చేటప్పుడు అవ్వ తను దాచిన పాలపొడి డబ్బా నా చేతిలో పెట్టింది. "ఇగ జీపు రాదు బిడ్డా. ఇది నువ్వే తిను." కోరుకున్న వరండా దొరికింది, మెట్లు దొరికాయి, వాటి మీద కూర్చుని అమ్మ కావాలని ఏడ్చాను.

ఆ చాల్ ఇప్పుడు లేదు. అక్కడ లేచిన మేడలో రొట్టెల చప్పుడు వినపడదు. ఊళ్లో పూడిక తీయడానికి యంత్రం వస్తుంది, ఇంటికొక మనిషి రాడు. కట్ట మాత్రం ఉంది. నాయన బతికినన్నాళ్లూ, నేను ఊరికెళ్లినప్పుడల్లా నన్ను దాని మీదికి తీసుకెళ్లి ఎదురైన ప్రతివాడితో అనేవాడు, "గీ కట్టకు నా బిడ్డ గూడ మట్టి మోసింది" అని. నేను తల వంచుకుని నా చెప్పుల వైపు చూసేదాన్ని.