మైకు మూగబోయిన నాలుగో క్వార్టర్

లగూనా సరస్సు ఒడ్డున ఉన్న శాన్ తెల్మోలో ఊరంతా 'మాంగ్' అని పెద్దరికమిచ్చి పిలిచే సాంటింగ్ గొంతు గుర్తుపట్టనివాళ్ళు లేరు. ఏళ్ళ తరబడి వీధి బాస్కెట్‌బాల్ పోటీలకు మైకు ఆయనదే. బుట్టలో పడిన బంతిని ఎంత మెచ్చుకునేవాడో, పడనప్పుడు వేసినవాడి అత్తగారిని కూడా కలుపుకుని అంత ఆటపట్టించేవాడు. అందుకే బన్సువేలో అనే ఐస్ ఫ్యాక్టరీ యజమాని ప్రాంతీయ లీగులో జట్టు కొని, ఆటగాళ్ళను జీతాలకు పెట్టినప్పుడు, మైకు ఎవరికివ్వాలన్న ప్రశ్నే రాలేదు.

ప్రశ్నంతా కుర్చీల గురించే. సగం కూడా నిండడం లేదు.

"జట్టు చొక్కాల మీద పేరు వేయించుకున్న మందుల షాపాయన గొణుగుతున్నాడు, ఖాళీ కుర్చీలకు నా పేరు చూపించి ఏం లాభమని," అన్నాడు బన్సువేలో. "పక్క ఊరివాళ్ళు జట్టు కొంటామంటున్నారు మాంగ్ సాంటింగ్. టికెట్ల వసూలు ఇలాగే ఉంటే ఇచ్చేస్తా. ట్యాంకులో అభిమానం పోస్తే జట్టు బస్సు నడవదు కదా!"

బాస్కెట్‌బాల్ అంటే చెవి కోసుకునే ఊరు ఇది. మరి టికెట్ ఎందుకు కొనదు? ఆ గుట్టేదో తేల్చుకుందామని మర్నాడు సాంటింగ్ బజారున పడ్డాడు.

"ఆటలకు రావేం ఆలింగ్ బేసింగ్?" అని, పెద్దాడవాళ్ళను పిలిచే మర్యాదతోనే, చేపలమ్మే ఆవిడనడిగాడు.

"రాకపోవడమేంటి! ఒక్కటి కూడా వదల్లేదుగా. మొన్న ఆ పొడుగోణ్ణి కొబ్బరిచెట్టుతో పోల్చావు చూడు, నవ్వలేక చచ్చాం."

"నువ్వక్కడ లేవుగా?"

"ఎందుకుండాలయ్యా? మా వంటింట్లోకి గంట కొట్టినట్టు వినబడుతుంటే!"

మంగలి కూడా అదే మాటన్నాడు. సాంటింగ్ కోర్టుకు వెళ్ళి పైకి చూశాడు. పైన రేకుల కప్పూ, చుట్టూ తడికల కంచే తప్ప గోడల్లేవు. కప్పు మీద నాలుగు దిక్కులకూ నాలుగు లౌడ్‌స్పీకర్ హారన్లు. వీధి పోటీల రోజుల్లో తానే ఎక్కి కట్టినవి. గర్వంగానూ అనిపించింది, ఏడుపూ వచ్చింది.

సంగతి విని బన్సువేలో, "అయితే హారన్లు పీకించేస్తా," అన్నాడు.

"వద్దు బాసూ. అసలు వినపడకపోతే ఆట ఉందన్న ధ్యాసే ఉండదు జనానికి. కాస్త వినిపించి ఊరిద్దాం, శనివారం దాకా నాకు వదిలెయ్యి."

శనివారం మూడు క్వార్టర్లూ ప్రాణం పెట్టి మాట్లాడాడు సాంటింగ్. రిఫరీ ఈలనూ వదల్లేదు, బొజ్జనూ వదల్లేదు. స్కోరు సమానమైంది. నాలుగో క్వార్టర్ మొదలవగానే మైకు కట్టేసి, అరచేత్తో నోరు మూసుకున్నాడు. కళ్ళముందే బంతి బుట్టలో పడింది. మాట గొంతులో కొట్టుకుంది. మింగేశాడు. జీవితంలో అంత కష్టమైన పని ఆయనెప్పుడూ చేయలేదు.

ముందు చుట్టుపక్కల ఇళ్ళ తలుపులు తెరుచుకున్న చప్పుడు, తర్వాత చెప్పుల టపటపలు. గేటు దగ్గర జనం. టికెట్లమ్మే పిల్ల ఉక్కిరిబిక్కిరైపోయింది. బన్సువేలో ఒక చేత్తో చిల్లర ఇస్తూ, ఇంకో చేత్తో మందుల షాపాయనకు ఫోను చేసి, వెంటనే వచ్చి కుర్చీలు చూసుకోమంటున్నాడు.

ఆ జనాన్ని తోసుకుని అందరికంటే ముందు లోపలికొచ్చింది సాంటింగ్ భార్య రెమీ. ఇంట్లో వాగేది చాలదా అని ఒక్కనాడూ ఆటకు రాని మనిషి. చేతిలో అన్నం గరిటె అలాగే ఉంది.

"ఏమైంది నీకు? గుండెల్లో నొప్పా?" అంది, ఆయన చొక్కా పట్టుకుని.

"ఏం లేదే. ఊరికే ఆపాను." అని ఆవిడ వంక వింతగా చూశాడు. "నువ్వు... నా మాటలు వింటావా?"

"వినక చెవులెక్కడ దాచుకోను? ఒక్కసారిగా ఆగిపోతే నేనేమనుకోవాలి, దొంగసచ్చినోడా!" కళ్ళు తుడుచుకుని ముందు వరసలో కూలబడింది. గేటు పిల్ల వెనకే పరిగెత్తుకొచ్చింది: "ఆలింగ్ రెమీ, టికెట్!"

"ఈయన జీతంలో కోసుకోవే. వచ్చేవారానిది కూడా. మొదట్నుంచే వచ్చి ఎదురుగా కూర్చుంటా. ఆ భయం ఇంకోసారి నావల్ల కాదు."